కొట్టినోడికి తలకాయ

సోమవారం. ఉదయం 6:40.

సింగపూర్‌లోని మండాయ్ అడవి అంచున, వాన నీటి కాలువ పక్కన శవం పడి ఉంది.

మనిషిది కాదు. కణుజు జింకది.

మహతి ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని వంగింది. వన్యప్రాణి విభాగంలో ఇన్వెస్టిగేటర్ ఆమె. బోనుల్లో కుళ్ళిన చిలకలను చూసింది. సూట్‌కేసుల్లో ఊపిరాడక చచ్చిన తాబేళ్ళను చూసింది. ఇక తను తల తిప్పుకోవాల్సిన శవాలు ఉండవనుకుంది. ఉన్నాయి.

తల లేదు. వెనక తొడలు రెండూ లేవు. ముందు కాళ్ళు మోకాళ్ళ దగ్గర కోసేసి ఉన్నాయి. పొట్ట చీల్చి కార్జం తీసుకున్నారు. పేగులు మాత్రం గడ్డిలో వదిలేశారు. వాటి మీద ఈగలు జుమ్మని ముసిరాయి.

పేగుల పక్కన నల్లటి ప్లాస్టిక్ సంచి. మూతి ముడేసి ఉంది. టెక్నీషియన్ ముడి విప్పి చూసి, సంచిని మహతి చేతికిచ్చాడు.

లోపల ఇంకా పుట్టని పిల్ల ఉంది. కోసినవాళ్ళకు అది అక్కర్లేదు కాబోలు. చెత్త మూటగట్టినట్టు మూటగట్టి పోయారు.

"ట్రోఫీ హంటర్," అన్నాడు ఆమె పై అధికారి ఆంగ్. "తల తీసుకుపోయాడు. గోడకు తగిలించుకోవడానికి."

"ఇది ఆడది సర్. కొమ్ములుండవు."

"సో?"

"బోడి తలను గోడకెవరు తగిలిస్తారు?"

సమాధానం తెలియనప్పుడు ఆంగ్ వాచీ చూసుకుంటాడు. ఇప్పుడూ చూసుకున్నాడు.

చెట్టు మొదట్లో ఒక తీగ దొరికింది. సైకిలు బ్రేకు తీగ. దాన్ని ఉచ్చుగా మెలిపెట్టారు. మెలికలో ముతక వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. శనివారం తెల్లవారుజామున చచ్చిందని వెటర్నరీ డాక్టర్ అంచనా.

మరో చెట్టుకు, ఆకుల చాటున, ఒక కెమెరా బిగించి ఉంది. జంతువులు ముందు నుంచి పోతే దానంతటదే ఫొటో తీసే రకం. అందులో మెమరీ కార్డు లేదు.

"కెమెరా ఎవరిది?" అడిగాడు ఆంగ్.

మహతి స్టిక్కర్ చదివింది. కృష్ణచైతన్య. రీసెర్చ్ స్టూడెంట్. ఈ అడవిలో కణుజుల మీద పరిశోధన చేస్తున్నాడు. లోపలికి రావడానికి పర్మిట్ ఉన్న అతి కొద్దిమందిలో ఒకడు.

"మీవాడేనా?" అన్నాడు ఆంగ్.

తెలుగువాడా అని ఆయన ఉద్దేశం. మహతి విననట్టే స్టిక్కర్ మీది నంబరు రాసుకుంది.

*

అదే రోజు 11:30కి కృష్ణచైతన్య ఇంటరాగేషన్ రూములో కూర్చుని ఉన్నాడు. సన్నగా, తాటిమట్టలా ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

"శనివారం తెల్లవారుజామున ఎక్కడున్నావ్?"

"రూములో మేడమ్. యీషున్‌లో. పడుకున్నాను."

"ఎవరైనా చూశారా?"

"పడుకున్నవాడిని ఎవరు చూస్తారండీ?"

"మా ఆఫీసర్లు నీ సైకిలు చూసొచ్చారు. వెనక బ్రేకు తీగ లేదు. ఏమైంది?"

అతను తలెత్తాడు. "లేదా? వారం నుంచి దాన్ని మా పక్కనే, హరికృష్ణ అంకుల్ వాళ్ళ అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద పెట్టేశాను. నేను చూసుకోనేలేదు."

"కెమెరాలో కార్డు?"

"గురువారం కొత్తది పెట్టొచ్చాను."

"కెమెరా ఎక్కడుందో ఎవరికి తెలుసు?"

"ఎవరికీ..." ఆగాడు. "అంటే, భోజనాల దగ్గర చెప్తుంటానండీ. ఫొటోలు చూపిస్తుంటాను. ఏడో నంబరు కడుపుతో ఉందని, నీళ్ళకి ఆ కాలువ దగ్గరికే వస్తుందని చెప్పాను. అందరూ ఎంత సంతోషపడ్డారో!"

ఏడో నంబరు అంటే చచ్చినదే. దాన్ని రెండేళ్ళుగా ఫొటోల్లో చూస్తున్నాడు. కానీ ఒక్కసారి కూడా దగ్గరికి పోలేదు. పోతే బెదురుతుందట.

"ఆదివారం ఏం చేశావ్?"

"హరికృష్ణ అంకుల్ ఇంట్లో సీజన్ భోజనం. ఏటా పెడతారు."

సీజన్ సంగతి మహతికి తెలుసు. సింగపూర్ తెలుగువాళ్ళలో తెలియనివారు తక్కువ. హరికృష్ణ, రామారావు, పరంధామయ్య, వాళ్ళ కుటుంబాలు, వాళ్ళ స్నేహితులు ఏటా న్యూజీలాండ్ వెళతారు. ఏప్రిల్లో జింకలు, మే నెలలో బాతులు. లైసెన్సులున్నాయి. అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. పక్షుల్ని అక్కడే వండుకు తింటారు. జింక మాంసం మాత్రం ఇక్కడ అనుమతి ఉన్నంత ప్యాక్ చేయించి తెచ్చి, తెలిసినవాళ్ళందరికీ పంచి, చివర్లో పెద్ద విందు చేస్తారు. దానితో మహతికి పేచీ లేదు. ఆమెకు గిట్టనివి వాళ్ళు వాట్సాప్‌లో పంపే ఫొటోలు. ఒక ఏడు, చచ్చిన జింక కళ్ళకు కూలింగ్ గ్లాసెస్ పెట్టి, పక్కన నిలబడి పళ్ళికిలించారు. ఆ ఫొటోకు నూటికి పైగా లైకులు!

"జింకల మీద పరిశోధన చేసేవాడివి, జింక కూర తిన్నావా?"

"న్యూజీలాండ్‌లో అవి బయటి నుంచి తెచ్చి వదిలినవి మేడమ్. అక్కడి అడవిని పాడుచేస్తున్నాయి. చంపితే తప్పులేదు. ఆ రోజు నేనే అందరికీ ఇది వివరంగా చెప్పాను." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "అంకుల్ వాళ్ళావిడ అరుణశ్రీ ఆంటీ నన్ను సొంత కొడుకులా చూస్తారు. ఎముకలన్నీ ఏరేసి, మెత్తటి ముక్కలు మాత్రమే వేశారు. అలాంటి ఇంట్లో ఏటా జింక కూర తినేవాణ్ణి, నేనెందుకు ఇక్కడి జింకను చంపుతాను?"

మహతి అంతా రాసుకుంది. అందులో పనికొచ్చే మాట ఏదో ఆమెకు ఆ పూట తట్టలేదు.

*

మంగళవారం ఉదయం యీషున్ నుంచి ఒక కంప్లయింట్ ఆమె టేబుల్ మీదికొచ్చింది. చైనావాళ్ళు పితృదేవతలకు కాగితాలు కాల్చే ఇనుప డబ్బా ఒకటి ప్రతి బ్లాక్ కిందా ఉంటుంది. పితరుల నెలగా జరుపుకునే వాళ్ళ ఏడో నెల ఇంకా రాలేదు. అయినా శనివారం ఉదయం 7:15కి అందులో ఎవరో ఏదో కాల్చారు. జుట్టు కాలిన కంపుతో పై అంతస్తులవాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

హరికృష్ణ ఉండే బ్లాక్ అది.

మహతి వెళ్ళి డబ్బాలోకి తొంగిచూసింది. బూడిద. బూడిదలో కాలీ కాలని ముతక వెంట్రుకలు. డబ్బా అంచున పచ్చటి మరక. వేలితో తాకి వాసన చూసింది.

పసుపు.

ఆమెకు అర్థమైంది.  తలను, కాళ్ళను మంట మీద కాల్చి, పసుపు రాసి, కత్తితో బొచ్చు గీకుతారు. తలకాయ కూరకు అదే మొదటి పని. ఫ్లాటులో చేస్తే పొగ అలారం మోగుతుంది. అందుకని ఎవరో మహానుభావుడు పరాయివాళ్ళ పితృదేవతల డబ్బాలో కాల్చుకున్నాడు.

తలను తీసుకుపోయింది గోడకు కాదు. గిన్నెలోకి.

ఆంగ్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"వెరీ గుడ్," అన్నాడు ఆయన. "స్టూడెంట్ ఉండేది ఆ పక్క బ్లాకే కదా?"

"సర్, వెంట్రుకల డీఎన్‌ఏ రానివ్వండి."

"అది వచ్చే వారం. పైనుంచి రోజుకు రెండు కాల్స్ వస్తున్నాయి. పర్మిట్ అతనిది, కెమెరా అతనిది, బ్రేకు తీగ అతనిది. రేపు సాయంత్రం ఆరింటికి ఫైల్ పంపిస్తున్నాను. క్లోజ్ ఇట్ లా, మహతి," సింగపూర్ యాసలో ముగించాడు ఆంగ్.

ఫైల్ వెళితే స్టూడెంట్ పాస్, అంటే వీసా, రద్దు. ఆపైన కేసు. నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరవుతుంది. జింకను చంపిన జింకల శాస్త్రవేత్త అని పేరొచ్చాక వాణ్ణి ప్రపంచంలో ఏ అడవీ రానివ్వదు.

ఆమె లిఫ్ట్ ఎక్కి హరికృష్ణ ఫ్లాటుకు వెళ్ళింది.

తలుపు తీసింది అతని భార్య అరుణశ్రీ. వంటింట్లోంచి మసాలా ఘాటు.

"రండి మేడమ్. సరిగ్గ తినే యాళ్ళకొచ్చిన్రు. మటన్ వండిన. ఒక్క ముద్ద తినిపోన్రి."

"వద్దండీ, డ్యూటీలో ఉన్నాను."

"అట్లెట్ల? మా ఇంటికొచ్చినోళ్ళకు మూలుగున్న నల్లి బొక్క వడకుంటే మా ఆయన ఊకోడు. అల్లుడైనా గంతే, అటెండరైనా గంతే."

హరికృష్ణ గదిలోంచి వచ్చాడు. నల్గొండ మనిషి. సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని. నిండైన విగ్రహం, నిండైన నవ్వు.

"ఆదివారం ఏ మాంసం వండారు?"

"న్యూజీలాండ్‌ది మేడమ్. ప్యాకెట్."

"మీ ఆల్బం చూశాను. ఈ ఏడు బాతులే ఉన్నాయి. జింక ఒక్కటీ లేదు."

నవ్వు రవ్వంత సన్నబడింది. "దొరకలే. గందుకే ఆడ షాపుల కొన్నం. బోన్‌లెస్. రామారావును అడుగున్రి."

రామారావు బ్యాంకులో వైస్ ప్రెసిడెంట్. ఉండేది పాసిర్ రిస్‌లో. ఫోన్‌లో ఆయనదీ అదే మాట. "షాపుదేనండీ. బోన్‌లెస్. మీరు మరీనూ, మనవాళ్ళని మీరే అనుమానిస్తే ఎలాగండీ?"

సెంబవాంగ్‌లో పరంధామయ్యను కలిసింది. షిప్‌యార్డులో ఇంజనీరుగా రిటైరయ్యాడు. గుంపులో అందరికన్నా పెద్దవాడు. మాంసం పంపకాలు ఏటా ఆయన చేతుల మీదుగానే జరుగుతాయి. ఆయనా గడ్డం నిమురుకుంటూ అదే చెప్పాడు. "షాపుదేనమ్మా. బోన్‌లెస్."

ముగ్గురూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే మాట. చిలకలకు నేర్పినట్టుంది.

మహతి తాత సెంబవాంగ్ నేవల్ బేస్‌లో పనిచేయడానికి విశాఖ నుంచి వచ్చినవాడు. ఆ రోజుల్లో బేస్ వెనక తుప్పల్లో అడవిపందిని కొడితే కూలీల ఇళ్ళ లైన్లలోని తెలుగువాళ్ళందరికీ వాటాల పోగులు పడేవి. నాయనమ్మ ఆదెమ్మ ఆ పద్ధతి కథలా చెప్పేది. ప్రతి పోగులోనూ అన్నీ సమానంగా పడాలి: కండ, ఎముక, కార్జం. పోగులు వేసినవాడు తన పోగు ఆఖర్న తీసుకోవాలి. తల మాత్రం ఏ పోగులోనూ పడదు. అది జంతువును కొట్టినవాడిది. పంచేవాడు తల మీద ఆశపడ్డాడంటే ఊరంతా ఉమ్మేసేవారట.

ఆ సాయంత్రం తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ ముందు కూర్చున్నప్పుడు ఆమెకు ఆ పద్ధతీ, చైతన్య అన్న మాటా, అరుణశ్రీ అన్న మాటా ఒక్కసారిగా పక్కపక్కన నిలబడ్డాయి. నూడుల్స్ అలాగే వదిలేసి లేచింది.

*

బుధవారం. మధ్యాహ్నం 4:00.

హరికృష్ణ హాలులో అందరూ కూర్చున్నారు. హరికృష్ణ, అరుణశ్రీ, రామారావు, పరంధామయ్య. మూలన కుర్చీలో చైతన్య. తలుపు దగ్గర ఇద్దరు ఆఫీసర్లు. మహతి బ్యాగులో సెర్చ్ వారంట్ ఉంది. దాన్ని ఇంకా బయటికి తీయలేదు.

"నాకు ఆరింటిదాకే టైముంది," అంది. "ఆ తర్వాత ఈ అబ్బాయి పేరు ఫైల్లో పోతుంది. ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

 రామారావు ఫోన్ చూసుకున్నాడు. హరికృష్ణ చైతన్య వైపు జాలిగా చూశాడు. మహతి ఆ జాలిని చూడనట్టే పరంధామయ్య వైపు తిరిగింది.

"పరంధామయ్య గారూ, ఆదివారం పోగులు మీరే వేశారు కదా?"

"నేనేనమ్మా."

"పంపకం సరిగ్గా జరగలేదని విన్నాను."

ఆయన గడ్డం మీద చెయ్యి ఆగింది. "ఎవుడన్నాడు?"

"ఎవరో అన్నారు లెండి. పంచేటప్పుడు తలకాయ మీరే నొక్కేశారట. పెద్దవాడని ఎవరూ నోరెత్తలేదట."

ముసలాయన మొహం జేవురించింది. కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏ ఎదవ కూశాడమ్మా ఆ మాట? నలభయ్యేళ్ళ నుంచి పోగులేస్తన్నాను. ఒకడి ముక్క నేను ముట్టుకున్నానా? కొట్టినోడికే తలకాయ! హరికృష్ణకే ఇచ్చాను, ఈ చేతుల్తోనే. రామారావూ, నువ్వు సూళ్ళేదా? సెప్పు!"

రామారావు ఫోన్ లోంచి తలెత్తలేదు.

 పరంధామయ్యకు తానేం అన్నాడో అప్పుడు తెలిసింది. మెల్లగా కూలబడ్డాడు.

"బోన్‌లెస్ ప్యాకెట్లో తల ఎలా వచ్చిందండీ?" అడిగింది మహతి.

 ఆమె వారంట్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఒక ఆఫీసర్ వంటింట్లోకి వెళ్ళాడు. ఫ్రీజర్ అడుగున ఐస్‌క్రీమ్ డబ్బా. దాని వెనక పెద్ద సంచి. అతను దాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. సంచిలో నెత్తురు గడ్డకట్టిన గుడ్డ. గుడ్డలో సగానికి నరికిన తల. పసుపు రాసి ఉంది. ఒక కన్ను ఇంకా అలాగే ఉంది.

"శనివారం మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి వస్తుండు," అన్నాడు హరికృష్ణ.  "వానికోసం ఆపిన."

"ఉచ్చు?"

"నేనే పెట్టిన. కెమెరాల కార్డు గూడ నేనే తీసిన. ఏం జెయ్యాలె మేడమ్? ముప్పై మందిని పిలిచిన. ఈ ఏడు ఒక్క జింక పడలే. సీజన్ కూర లేదంటే ఇజ్జతేం గావాలె? ఒక్క జింక. అడివిల ఇంక లేవా?"

"తీగ ఈ అబ్బాయి సైకిలుదే ఎందుకు?"

"కింద ఉండె. చేతికందింది."

అంతే. కావాలని ఇరికించలేదు. చేతికందింది. తర్వాత అధికారులు వాణ్ణి పట్టుకుంటే అదీ చేతికందినట్టే ఊరుకున్నాడు.

"మీకు తెలుసా?" అంది మహతి పరంధామయ్యతో.

"నేను పోగులేశానంతే. ఎక్కడిదని అడగలేదు. అడగడం మర్యాద కాదు కదమ్మా."

"మీకు?"

రామారావు గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఇది మన కమ్యూనిటీ పరువు సంగతి. ఏదో ఫైన్‌తో..."

"కూర్చోండి," అంది మహతి. ఆయన కూర్చునే ఉన్నాడు. అయినా ఇంకాస్త కూర్చున్నాడు.

ఆఫీసర్ ఒకతను అడిగాడు. "మేడమ్, ఈ అబ్బాయికి సంబంధం లేదని ఫైల్లో ఏం రాయమంటారు? తిన్నవాళ్ళలో అతనూ ఉన్నాడు కదా?"

"అదే నేను మొదట వదిలేసిన క్లూ." మహతి అరుణశ్రీ వైపు తిరిగింది. "నిన్న మీరే చెప్పారు. ఈ ఇంట్లో అటెండరొచ్చినా నల్లి బొక్క పడాల్సిందే. ఆదివారం ముప్పై మంది కంచాల్లో ఎముకలున్నాయి. ఒక్క కంచంలోనే లేవు. వచ్చినవాళ్ళలో జింకల మీద చదువు చదివినవాడు ఒక్కడే. ఎముక చూస్తే ఏ జాతిదో చెప్పేస్తాడు. అతని కంచంలోంచే మీరు ఎముకలు ఏరేశారు."

అరుణశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దొంగతనంలో పాలున్నవాడి దగ్గర ఎవరూ ఎముకలు దాచరు," అంది మహతి. "అతనికి తెలియకూడదని దాచారు. అంటే అతనికి తెలియదు. ఇదే రాయండి."

4:50కి ఆంగ్‌కు ఫోన్ చేసింది. ఫైల్లోంచి కృష్ణచైతన్య పేరు తీసేయమంది. ఆయన "ఓకే," అన్నాడు. ఆ అబ్బాయి పాసూ, చదువూ, పేరూ నిలబడ్డాయి.

ఆ సంగతి చెబుదామని మహతి మూలకు తిరిగింది. చైతన్య అప్పటికే లేచి నిలబడ్డాడు. టేబుల్ మీది సంచినే చూస్తున్నాడు.

"ఇది ఏడో నంబరుదేనా మేడమ్?"

ఆమె అవునంది. అబద్ధం చెప్పాలనిపించింది గానీ రేపు రిపోర్టులో అతనే చదువుతాడు.

అతను అరుణశ్రీ వైపు చూశాడు. కోపం లేదు. తప్పిపోయిన పిల్లాడు దారి అడుగుతున్నట్టుంది.

"ఆంటీ, వడ్డించేటప్పుడు మీకు తెలుసా?"

"తెల్సు బిడ్డా. నువ్వు గుర్తువడ్తవని, బొక్కలు తీసెయ్యమని ఈయనే జెప్పిండు."

"రెండోసారి వేసినప్పుడు కూడా?"

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళు నిజమైనవే. అదే మహతికి ఇంకా రోత పుట్టించింది.

"రెండోసారి నువ్వే అడిగినవ్ గద, చైతూ," అంది అరుణశ్రీ. "మస్తు మెత్తగుంది ఆంటీ, ఇంకింత వెయ్యున్రి అన్నవ్."

చైతన్య వంటింట్లోకి నడిచాడు. సింకు మీద వంగి, గొంతులోకి వేళ్ళు పెట్టుకున్నాడు. మహతి వెనకే వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేసింది. అతను మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. తిని మూడు రోజులైంది. బయటికి రావడానికి ఏమీ మిగల్లేదు.